మేత చేలో తోడు మొక్కలు: అలసందా, నువ్వులా, బంతా, కందా? గోదావరి డెల్టాలో ఎవరికి ఏది

పశువుల మకాం పక్కన పాతిక సెంట్లలో గేదెల కోసం ఆఫ్రికన్ టాల్ మొక్కజొన్న వేశాం. 25వ రోజుకల్లా మొవ్వుల్లో తడిసిన రంపపు పొట్టులాంటి రెట్ట కనిపించింది. ఒక మొవ్వు లాగి ఆకులు ఒక్కొక్కటే విప్పుకుంటూ పోతే అట్టడుగున ఒకే ఒక్క పురుగు, తల మీద ఇంగ్లిష్ వై అక్షరం తిరగేసినట్టు తెల్లటి గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్ల చుక్కలు. కత్తెర పురుగే, అనుమానం లేదు. 2018లో మన దేశంలో మొదట కర్ణాటకలో కనిపించిన పురుగు ఇది, ఇప్పుడు లంకల్లో మొక్కజొన్న వేసేవాళ్ళకి దీన్ని పరిచయం చేయక్కర్లేదు.

"రెండు సార్లు మందు కొట్టేయండి, పోతుంది" అని పక్క చేను రైతు అన్నారు. ఆయన చేను గింజ కోసం వేసింది, ఇంకా రెండు నెలలకి పైగా పొలంలో ఉంటుంది. మాది ఇంకో నెలలో గేదె నోట్లోకి పోతుంది, అక్కడి నుంచి వాడుక ఇళ్ళ పిల్లల పాలగ్లాసులోకి పోతుంది. ఆ తేడా ఆలోచించాకే తోడు మొక్కల వైపు, అంటే పంటతో పాటు వేస్తే పురుగుని తగ్గించే మొక్కల వైపు చూశాను. చూస్తే సలహాలన్నీ కూరగాయలకి రాసినవే. టమాటాలో బంతి, వంగలో కొత్తిమీర, మిరపలో ఆముదం. వాటిని తెచ్చి మేతలో పెడితే కొన్ని పనికిరావు, ఒకటయితే పశువు ప్రాణం మీదికే వస్తుంది. అందుకే మేతకి మాత్రమే సరిపోయేలా ఈ పోలిక రాస్తున్నాను.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

అన్నిటికన్నా ముందు, ఆ మొక్కని గేదె తింటే ఏమవుతుంది? కూరగాయల్లో కాయ కోసుకుంటాం, పక్క మొక్క అలాగే ఉంటుంది. మేతలో మొత్తం మొక్కని మొదలంటా కోసి, మోపు కట్టి, చాఫ్ కట్టర్‌లో పడేస్తాం. చీకటితో కోసే మనిషి ఇది మేత, ఇది తోడు మొక్క అని ఏరుతూ కూర్చోడు. కాబట్టి చేను లోపల వేసేది ఏదైనా పశువు తినేదే అయ్యుండాలి. తినకూడనిది అయితే గట్టు మీద కూడా వద్దు.

రెండోది కొడవలి. మేత చేలో మిత్ర పురుగులకి పెద్ద కష్టం ఇదే. అక్షింతల పురుగులు, సాలీళ్ళు, గుడ్లని తినే చిన్న చిన్న కందిరీగలు అన్నీ చేరి కుదురుకునే సరికి 60 రోజులవుతుంది, మనం వెళ్ళి కోసేస్తాం. ఒక్క పూటలో ఇల్లూ తిండీ రెండూ పోతాయి. మళ్ళీ వేసిన మేతకి పురుగు ముందొస్తుంది, దాన్ని తినేవి తర్వాత ఎప్పుడో వస్తాయి. మేత కోశాక కూడా నిలబడి ఉండే మొక్క ఏదో ఒకటి దగ్గర్లో ఉందా లేదా అన్నది ఏ మొక్క వేశామన్న దాని కన్నా ముఖ్యం అని నా నమ్మకం.

మూడోది పూత సమయం. మిత్ర పురుగుల్లో చాలావాటికి పెద్దయ్యాక తేనె, పుప్పొడి కావాలి. పూత రావడానికి 50 రోజులు పట్టే మొక్కని మేతతో పాటే వేస్తే, అది పూసేసరికి మేత కోతకొస్తుంది.

నాలుగోది నీళ్ళు. మెట్ట రైతుకి ఈ ప్రశ్నే ఉండదు, మనకి మాత్రం సార్వాలో, అంటే వానాకాలం పంటలో, చేలు రోజుల తరబడి నీళ్ళలో ఉంటాయి, అక్టోబరు నవంబరుల్లో తుపాను వస్తే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత విత్తనం దొరకడం, కూలి ఖర్చు. అవి ఎవరి లెక్క వాళ్ళది.

| తోడు మొక్క | ఎక్కడ | పశువు తినొచ్చా | కోత తర్వాత ఉంటుందా | ముంపు తట్టుకుంటుందా |
|---|---|---|---|---|
| అలసంద, పిల్లిపెసర | చేను లోపల వరుసల్లో | మంచి మేత | ఉండదు, కలిపే కోస్తాం | తట్టుకోదు |
| నువ్వులు, ధనియాలు | గట్టు మీద | తిన్నా నష్టం లేదు | ఉంటుంది | అసలు తట్టుకోవు |
| బంతి | గట్టు మీద | ఇష్టపడదు | ఉంటుంది | తట్టుకోదు |
| కంది, అవిశ | గట్టు మీద | ఆకు మంచి మేత | నెలల తరబడి, అవిశయితే ఏళ్ళ తరబడి | గట్టు ఎత్తుని బట్టి |
| నేపియర్ అంచు, లోపల డెస్మోడియం | అంచు, లోపల | రెండూ మేతే | మోడు మళ్ళీ చిగురిస్తుంది | నేపియర్ కొంత మేరకు |
| ఆముదం | ఎక్కడా వద్దు | విషం | | |

## అలసంద, పిల్లిపెసర

చాలామందికి మొదట ఇదే చెప్తాను. మొక్కజొన్న గానీ జొన్న గానీ రెండు మూడు వరుసలు, తర్వాత ఒక వరుస అలసంద. పురుగు సంగతి పక్కన పెట్టినా ఇది లాభమే, ఉత్త మొక్కజొన్న మేతలో మాంసకృత్తులు తక్కువ, అలసంద కలిస్తే ఆ లోటు తీరుతుంది.

పురుగు విషయంలో ఇది చేసే పని అర్థం కావాలంటే శీతాకాలంలో ఒక ఉదయం అలసంద కొస ఒకటి వంచి చూడండి. లేత కొస నిండా నల్లగా నిగనిగలాడుతూ పేనుబంక అంటుకుని ఉంటుంది. చూడగానే టెన్షన్ వస్తుంది, నాకూ వచ్చింది. కానీ ఆ పేనుబంక పప్పు జాతిది, మామూలుగా మొక్కజొన్నకీ జొన్నకీ ఎక్కదు. నాలుగు రోజులాగి అదే కొసని మళ్ళీ చూస్తే వాటి మధ్య బియ్యపు గింజ కన్నా కాస్త పొడుగ్గా, బూడిద రంగులో, ఒంటి మీద నారింజ మచ్చలతో కాళ్ళున్న పురుగులు తిరుగుతుంటాయి. మొదటి ఏడాది వాటిని కూడా పంట పురుగులే అనుకుని చేత్తో నలిపేశాను. అవి అక్షింతల పురుగు పిల్లలు. ఎర్రటి గుండ్రటి పెద్ద పురుగుని గుర్తుపట్టే రైతులు కూడా దాని పిల్లని గుర్తుపట్టరు, అదే అన్నిటికన్నా ఎక్కువ తినే దశ. అలసంద మీద తిండి దొరికి పెరిగినవి పక్కనున్న జొన్న మీది పేనుబంకకీ, ఆకుల మీది చిన్న గుడ్లకీ కూడా వెళ్తాయి.

ఇంకొకటి, అలసంద పూతకాడల మీద, పువ్వులో కాకుండా కాడ మీదే, సన్నటి తేనె చుక్కలు ఊరతాయి. చీమలు, కందిరీగలు అక్కడ మూగి ఉండటం మీరు చూసే ఉంటారు. పువ్వులు అంతగా లేకపోయినా వాటికి ఇక్కడ తిండి ఉంటుంది.

ఇక ఇబ్బందులు. కోతలో మేతతో పాటు ఇదీ పోతుంది, కాబట్టి ఇదొక్కటే వేస్తే పైన చెప్పిన కొడవలి కష్టం అలాగే ఉంటుంది. నీళ్ళు నిలిస్తే రెండు రోజుల్లో పసుపెక్కి కుళ్ళిపోతుంది. పచ్చిగా, మంచు తడితో, ఒట్టి అలసందే వేస్తే గేదెకి కడుపు ఉబ్బుతుంది, ఎప్పుడూ వరిగడ్డితో గానీ మొక్కజొన్నతో గానీ కలిపే వేయండి. పిల్లిపెసర దీనికి తమ్ముడులాంటిది. వరి కోతకి ముందు చేలో తేమ ఉండగానే చల్లేయడం మన డెల్టాలో పెద్దవాళ్ళ నుంచీ ఉన్నదే. విడిగా దున్నక్కర్లేదు, నేల మీద పాకి కప్పేస్తుంది, ఆ నీడలో సాలీళ్ళు బాగా చేరతాయి. వరి మాగాణిలో మేత వేసేవాళ్ళకి అలసంద కన్నా పిల్లిపెసరే తేలిక.

## గట్టు మీద నువ్వులు, ధనియాలు

వరిలో పొలం గట్ల మీద నువ్వులు వేసి వరి రసం పీల్చే దోమని తినే మిత్ర పురుగులని పెంచడం ఆసియా దేశాల్లో బాగా పరీక్షించిన పద్ధతి. మన గట్టు వరి చేనుకీ మేత మడికీ మధ్యే ఉంటుంది కాబట్టి ఒక్క వరుస నువ్వులు రెండు పక్కలా పని చేస్తాయి. విత్తిన 35, 40 రోజుల్లో పూత మొదలై నెల దాకా వంతులవారీగా పూస్తూనే ఉంటుంది. మేత కోసినా గట్టు మీద అది నిలబడి ఉంటుంది.

ధనియాలది వేరే పని. దాని పువ్వు చిన్నది, తెరుచుకుని ఉంటుంది, మిల్లీమీటరు కూడా లేని ట్రైకోగ్రామా లాంటి కందిరీగకి కూడా తేనె అందుతుంది. ఈ కందిరీగ పురుగు గుడ్డులోనే తన గుడ్డు పెడుతుంది, అంటే పురుగు ఆకు కొరక్క ముందే కథ అయిపోతుంది. ట్రైకో కార్డులు (ఈ కందిరీగ ఉన్న గుడ్లు అంటించిన అట్టలు) తెచ్చి కట్టేవాళ్ళు దగ్గర్లో నాలుగు ధనియాల మడులు ఉంచుకుంటే ఆ డబ్బు వృథా కాదు. సిర్ఫిడ్ ఈగలు, అల్లిక రెక్కల పురుగులు కూడా వీటికి వస్తాయి. వంటింట్లో డబ్బాలోని ధనియాలే కొద్దిగా నలిపి రెండు బద్దలు చేసి చల్లితే చాలు, విత్తనం కొనక్కర్లేదు.

సమయం మాత్రం తప్పకండి. ధనియాలు చలికాలపు పంట, అక్టోబరు చివరి నుంచి జనవరి లోపు వేయాలి, వేసవిలో వేస్తే మొలిచినా నిలవదు. నువ్వులు వేసవికి మంచివి, జనవరి ఫిబ్రవరిలో వేయొచ్చు. ఏది వేసినా మేత విత్తడానికి రెండు మూడు వారాల ముందే వేయండి. రెండిటికీ నీళ్ళు నిలిస్తే పడదు, సార్వాలో పంట బోదె పక్కన పల్లపు గట్టు మీద వేసి పోయిందని బాధపడితే లాభం లేదు.

## బంతి

అందరూ మొదట అడిగేది దీని గురించే. కడియం నర్సరీల దగ్గర నారు సులువుగా దొరుకుతుంది, చూడటానికి బావుంటుంది, దసరా నుంచి కార్తీకం దాకా పువ్వుకి ధర ఉంటుంది. కానీ మేతకి పెద్ద ఉపయోగం ఉందని నేను చెప్పలేను. టమాటాలో బంతి పని చేసేది కాయ తొలిచే పురుగుని తన మొగ్గ మీదికి లాక్కోవడం వల్ల. మేతలో కాయే లేదు. వేళ్ళ నుంచి నులిపురుగులని తగ్గించే గుణం నిజమే, అది కూరగాయల మడికి ఎక్కువ అవసరం. పైగా వేసవిలో బంతికి ఎర్రనల్లి పడుతుంది. పూలు అమ్ముకునే ఉద్దేశం ఉంటే గట్టు మీద వేసుకోండి, పురుగు కోసమయితే అదే చోట నువ్వులు వేయండి.

## కంది, అవిశ

గట్టు మీద కంది మన జిల్లాల్లో కొత్తేం కాదు. తొలకరిలో నాటితే సంక్రాంతి దాకా నిలబడుతుంది, ఆలోపు మేత రెండు మూడు కోతలవుతుంది. అంటే కొడవలికి ఇల్లు పోగొట్టుకున్న మిత్ర పురుగులు వెళ్ళి తలదాచుకునే చోటు ఇది. పొద్దున్నే కాకులు, గోరింకలు, నల్లగా తోక చీలిన ఏట్రింతలు కంది కొమ్మల మీద వాలి కిందికి దిగి పురుగులని ఏరుకు తింటాయి. కంది లేనివాళ్ళు పక్షులు వాలడానికి కర్రలు పాతుతారు, ఇక్కడ ఆ పని కూడా తప్పుతుంది. పప్పు ఇంటికి, ఆకూ పొట్టూ గేదెకి.

కందిలో ఒక చిక్కుంది. పూత దశలో దీనికి వచ్చే మారుకా పురుగు అలసందకీ వస్తుంది. గింజ కోసం అలసంద వేసినవాళ్ళు ఆలోచించుకోవాలి. మేత అలసందని కాయ కట్టక ముందే కోస్తాం కాబట్టి మనకి అంత భయం లేదు.

అవిశ నాటితే కొన్నేళ్ళు ఉంటుంది, తొందరగా ఎదుగుతుంది, ఆకుని గేదెలూ మేకలూ ఇష్టంగా తింటాయి. నీడ పడకుండా ఉత్తరపు గట్టుకి పెట్టుకోవాలి. సొంత భూమి ఉన్నవాళ్ళకే ఇది.

## నేపియర్ అంచు, డెస్మోడియం

1990ల్లో కెన్యాలోని ఇసిపే పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌తో కలిసి తయారు చేసిన పద్ధతి, పేరు పుష్-పుల్. మొక్కజొన్న వరుసల మధ్య డెస్మోడియం అనే పప్పు జాతి మేత, చేను చుట్టూ నేపియర్ గడ్డి. కాండం తొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు మొక్కజొన్న కన్నా నేపియర్ మీదే ఎక్కువగా గుడ్లు పెడుతుంది, పిల్లలు కాండం తొలిస్తే జిగురు కారి చాలావరకు అందులోనే చస్తాయి. అంచున నేపియర్ బదులు బ్రాకియేరియా గడ్డి వేసి తూర్పు ఆఫ్రికాలో చూసిన చేలల్లో కత్తెర పురుగు లద్దెలు మొక్కకి 80 శాతానికి పైగా తగ్గినట్టు 2018లో ప్రచురించారు. డెస్మోడియం వాసనతో తరుముతుందా, ఆకు మీది నూగుకి చిన్న పురుగులు అంటుకుని చస్తాయా అన్నదాని మీద పరిశోధకుల్లో ఇంకా వాదన నడుస్తోంది.

అందులో నాకు బాగా నచ్చింది ఏమిటంటే, ఇక్కడ తోడు మొక్కలన్నీ పశువుల మేతే, ఒక్క సెంటు కూడా వృథా కాదు. కానీ మన ఊళ్ళలో డెస్మోడియం విత్తనం కొట్లో అడిగితే దొరికేది కాదు, మొలిచాక కుదురుకోవడానికీ చాలా టైం తీసుకుంటుంది, ఆలోపు కలుపు దాన్ని మింగేస్తుంది. అదే నేపియర్ మాత్రం ప్రతి మకాం దగ్గరా ఉంది. కాబట్టి సగం పద్ధతి మన దగ్గర ఎప్పుడో ఉన్నట్టే. చుట్టూ మూడు వరుసల నేపియర్ ముచ్చెలు (కాండం ముక్కలు) నాటి, లోపల డెస్మోడియం బదులు అలసంద వేయడం మనకి కుదిరే దారి. ఉగాండాలో చూసినప్పుడు పప్పు జాతి అంతర పంటలతో కూడా కత్తెర పురుగు తగ్గింది గానీ పూర్తి పుష్-పుల్ అంత కాదు. ఆ మాట తెలిసే వేసుకోండి.

నేపియర్ అంచుని కూడా ఒకే రోజు నాలుగు వైపులా కోయకండి. ఒక వైపు కోసి, అది మోకాలెత్తు వచ్చాక రెండో వైపు.

## ఆముదం వద్దు

పొగాకు లద్దె పురుగుకి ఎరపంటగా ఆముదం మంచిదే, మిరప రైతుకి. గింజలో రైసిన్ అనే విషం ఉంది, గింజలు మేతలో కలిస్తే పశువు ప్రాణం మీదికి రావచ్చు. పాడి ఉన్న ఇంట్లో మేత మడి పక్కన ఇది పెట్టకండి.

## ఎవరికి ఏది

ఒకటి రెండు గేదెలు, పది ఇరవై సెంట్ల మేత, రోజూ ఒక మోపు కోసుకునేవాళ్ళు అదృష్టవంతులు. మీ మడి ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. ఒక చివర నుంచి పట్టీలుగా కోసుకుంటూ వెళ్ళండి, అక్కడొక మోపు ఇక్కడొక మోపు కోయకండి. కోసిన పట్టీలో వెంటనే మళ్ళీ విత్తుకుంటే రెండో చివరకి వెళ్ళేసరికి మొదటిది మోకాలెత్తు ఉంటుంది, మిత్ర పురుగులు ఒక పట్టీ నుంచి ఇంకో పట్టీకి జరిగిపోతాయి. మీకు లోపల అలసంద, గట్టు మీద కాస్త నువ్వులో ధనియాలో చాలు.

పది పదిహేను గేదెలతో డెయిరీ నడుపుతూ ఎకరం ఒకేసారి కోసి సైలేజీ (పాతర మేత) వేసేవాళ్ళకి గట్టే ఆధారం. లోపల అలసంద మేత విలువ కోసం వేసుకోండి గానీ పురుగు కోసం కంది, నేపియర్ అంచుల మీద ఖర్చు పెట్టండి. కుదిరితే మధ్యలో రెండు మీటర్ల పట్టీ ఒకటి కోయకుండా వారం రోజులు వదలండి.

ఉత్త నేపియర్ వేసినవాళ్ళు దీని గురించి పెద్దగా బెంగ పెట్టుకోనక్కర్లేదు, దానికి పురుగు బెడద తక్కువ. మొదటి 60 రోజులు ముచ్చెల మధ్య ఖాళీలో ఒక అలసంద పంట తీసుకుంటే కలుపు తగ్గుతుంది, అంతే.

కౌలు రైతులు ఏళ్ళ తరబడి ఉండే మొక్కల జోలికి పోవద్దు, అలసంద, ధనియాలు చాలు. లంక భూముల్లో వేసేవాళ్ళు జులై నుంచి సెప్టెంబరు దాకా వరద భయం ఉన్నన్నాళ్ళూ తోడు మొక్కల మీద డబ్బు పెట్టకండి, వరద తీసి ఒండ్రు ఆరాక అలసందతో మొదలుపెట్టండి. కోనసీమలో కొబ్బరి కింద మేత వేసేవాళ్ళకి నీడలో నువ్వులు సరిగ్గా పూయవు, తోట అంచున ఎండ పడే చోటే వేయాలి. పనిలో పనిగా పెంటకుప్ప ఒకసారి తిరగేయండి, కొబ్బరి మొవ్వుని తినే కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది అందులోనే.

## జొన్న వేసినవాళ్ళకి విడిగా

మొక్కజొన్నకి పురుగు మరీ ఎక్కువైతే ఒక దారి ఉంది, వయసు నిండకపోయినా కోసి మేపేయడం. దిగుబడి తగ్గుతుంది గానీ మందు తప్పుతుంది. జొన్నకి ఆ దారి లేదు. లేత జొన్నలో నాము అనే విషం ఉంటుంది, ఎండకో పురుగుకో దెబ్బతిన్న మొక్కలో ఇంకా పెరుగుతుంది, కోసిన మోడు నుంచి వచ్చిన లేత పిలకల్లోనూ ఉంటుంది. పూత సగం వచ్చేదాకా ఆగాల్సిందే. పైగా మొదటి నెలలో వచ్చే మొవ్వు ఈగని ఏ తోడు మొక్కా పెద్దగా ఆపలేదు, అది తప్పాలంటే ఆలస్యం చేయకుండా విత్తడం, విత్తనం కాస్త ఒత్తుగా వేసి మొవ్వు ఎండిన మొక్కలని పీకేయడం. అందుకని పాలిచ్చే గేదెలున్న చిన్న మడిలో, పురుగు తగిలే కాలంలో, జొన్నా మొక్కజొన్నా రెండిట్లో ఏదని అడిగితే నేను మొక్కజొన్న, అలసందే అంటాను.

తోడు మొక్కలు వేశాం కదా అని చేను చూడటం మానేయకండి. విత్తిన రెండో వారం నుంచి వారానికి రెండు సార్లు వెళ్ళి ఐదు చోట్ల నాలుగేసి మొక్కల మొవ్వులు చూడండి, ఆకు మీద నూగు కప్పిన గుడ్ల ముద్ద కనిపిస్తే అక్కడే నలిపేయండి, పాతిక సెంట్లకి అరగంట పట్టదు. 20లో రెండు మూడు మొవ్వులకి మించి కొత్త రెట్ట కనిపిస్తే వేపగింజల కషాయం, 5 కిలోల పొడి 100 లీటర్లకి, సాయంత్రం పూట మొవ్వులోకి పడేలా కొట్టండి. చేదు ఉంటే గేదె మేత ముట్టదు కాబట్టి మొక్క లేతగా ఉండగానే ఆ పని అయిపోవాలి, కోతకి దగ్గర పడ్డాక వద్దు. కొట్టే ముందు అలసంద వరుసల్లో ఆ బూడిద రంగు పిల్లలు ఉన్నాయేమో చూసుకుని, ఉంటే ఆ వరుసలు వదిలేసి మొక్కజొన్న మొవ్వులకి మాత్రమే పట్టించండి.